జారినా కన్నీళ్ళు

సామ్రాజ్యం కూలిన కథ చెప్పవలసి వచ్చినప్పుడల్లా కథకుడి చూపు ముందుగా అంతఃపురం మీదనే పడుతుంది. ఫ్రాన్సులో మేరీ ఆంటోనెట్, రష్యాలో అలెగ్జాండ్రా. మన జానపద కథల్లోనూ అంతే గదా! చిన్నరాణి మాట విని పెద్దరాణి బిడ్డల్ని అడవుల పాలు చేసిన రాజు కథ ముగిసేసరికి నిర్దోషిగా మిగులుతాడు. జానపదుడు ఆ సౌకర్యం వాడుకున్నాడంటే అర్థం చేసుకోవచ్చు. చరిత్ర రాయడానికి కూర్చున్నవాడు కూడా అదే పని చేస్తే ఊరుకోవలసిన పని లేదు.

రాబర్ట్ మాసీ 1967లో ప్రచురించిన 'నికొలస్ అండ్ అలెగ్జాండ్రా' విశేషంగా అమ్ముడుపోయిన పుస్తకం. 1971లో సినిమా కూడా అయింది. మాసీ కొడుకుకు హిమోఫీలియా ఉండేది; జారు కుమారుడు అలెక్సీది కూడా అదే జబ్బు. రక్తం గడ్డకట్టని బిడ్డ మంచం పక్కన రాత్రులు గడిపిన తండ్రి, అలాంటి రాత్రులే గడిపిన తల్లిని గురించి రాశాడు. అందుకనే 1912లో స్పాలాలో అలెక్సీ చావుబతుకుల మధ్య ఉన్న రోజులను వర్ణించిన పుటలు చదువుతుంటే గొంతు పట్టుకుంటుంది. ఆ పుటల నిజాయితీని నేను శంకించడం లేదు.

చిక్కల్లా ఆ మంచం చుట్టూ ఆయన అల్లిన వాదంతోనే. జబ్బు లేకపోతే రాస్పుతిన్ రాడు, రాస్పుతిన్ రాకపోతే సింహాసనం కూలదు అనే గొలుసు అది. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఈ గొలుసు తెగిపోతుంది. అలెక్సీ పుట్టింది 1904 ఆగస్టులో. శీతాకాల ప్రాసాదం వైపు అర్జీ పట్టుకుని నడిచిన కార్మికుల మీద సైన్యం కాల్పులు జరిపింది 1905 జనవరిలో. జారు దంపతులు రాస్పుతిన్‌ను మొదటిసారి చూసింది ఆ ఏడాది నవంబరులో. అప్పటికి సమ్మెలూ, రైతుల తిరుగుబాట్లూ, పొటెంకిన్ నావికుల తిరుగుబాటూ అన్నీ జరిగిపోయాయి. అంతకుముందు, 1896లో పట్టాభిషేక సందర్భంగా ఖొదింకా మైదానంలో తొక్కిసలాటలో వెయ్యిమూడువందల మందికి పైగా చచ్చిపోతే, ఆ రాత్రే ఫ్రెంచి రాయబారి ఇచ్చిన నృత్యోత్సవానికి ఈ దంపతులు వెళ్ళారు. అప్పటికి జబ్బూ లేదు, సాధువూ లేడు.

మాసీకి పూర్తిగా ఎదురు కొసన వాలెంతిన్ పీకుల్ ఉన్నాడు. 1979లో ఒక సోవియట్ పత్రికలో ధారావాహికగా వచ్చిన ఆయన నవలలో జారినా ఒక మాయలాడి. సోవియట్ విమర్శకులే దాన్ని ఆక్షేపించారు. జర్మన్ గూఢచారిణి అన్న నిందకు రుజువు లేదని 1917లో తాత్కాలిక ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం పరిశీలనలోనే తేలింది. ఒకరు జాలితో, మరొకరు ద్వేషంతో రాశారు. ఫలితం మాత్రం ఒకటే: యుద్ధానికి తరలించిన కోటిన్నర మంది రష్యన్లు ఇద్దరి చేతుల్లోనూ తెర వెనక్కి పోయారు.

ఈ ఇద్దరికంటే గొప్ప సాక్ష్యం ఆమె ఉత్తరాలు. 1915లో నికొలస్ స్వయంగా సైన్యాధిపత్యం వహించి యుద్ధరంగానికి వెళ్ళిన తర్వాత ఆమె దాదాపు రోజూ ఇంగ్లీషులో భర్తకు రాసేది. 1920ల మొదట్లోనే అవి అచ్చయ్యాయి. ఆరేళ్ళ వయసులో తల్లి పోయి, విక్టోరియా రాణి కనుసన్నల్లో పెరిగిన డార్మ్‌స్టాట్ పిల్ల ఆ భాషలోనే ప్రేమించింది, అజ్ఞాపించింది కూడా. ఒకే కాగితం మీద పిల్లవాడి చేయి నొప్పీ, ఏ మంత్రిని తీసేయాలో, ఎవరిని వేయాలో ఉంటాయి. మంత్రుల సమావేశానికి వెళ్ళేముందు రాస్పుతిన్ ఇచ్చిన దువ్వెనతో తల దువ్వుకొమ్మని ఒకచోట రాస్తుంది. మరొకచోట, భయంకర ఇవాన్ లాగా అందరినీ కాళ్ళకింద తొక్కెయ్యమంటుంది. ఏడాది తిరగకుండా నలుగురు ప్రధానమంత్రులు మారారు. అదే మనిషి ఆసుపత్రిలో నర్సు దుస్తులు వేసుకుని, శస్త్రచికిత్సల్లో సాయం చేస్తూ, క్షతగాత్రుల గాయాలు కడిగింది. ఇందులో ఏదీ నటన కాదు. ఆ సైనికుల మీద ప్రేమా నిజమే, వాళ్ళను చావుకు పంపే అధికారంలో వీసమెత్తు వదులుకోనన్న పట్టుదలా నిజమే. ఈ రెంటినీ ఒకే మనిషిలో చూపించగల నవల మాసీ రాయలేదు, పీకుల్ రాయలేదు.

ట్రాట్స్కీ తన విప్లవ చరిత్రలో ఈ దంపతులకు ఒక అధ్యాయం కేటాయించాడు. (ఆ పేరెత్తడానికి మన వర్గాల్లో చాలాకాలం జంకు ఉండేది, ఆ జంకు వల్ల మంచి వచనం ఒకటి పోగొట్టుకున్నాం.) కాలం చెల్లిన వ్యవస్థ తన శిఖరాన ఎలాంటి మనుషుల్ని నిలబెట్టుకుంటుందో ఫ్రెంచి రాజదంపతులతో పోల్చి చూపాడు. అయితే ఆయన వ్యంగ్యం ఆ జబ్బు పిల్లవాడి గది గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. లోపలికి వెళ్ళవలసింది నవలాకారుడే.

ఎలా వెళ్ళాలో గోర్కీని చూసి నేర్చుకోవచ్చు. ఆయన 'అమ్మ' క్రొవ్విడి లింగరాజు అనువాదంతో మన ఇళ్ళలోకి వచ్చింది. నీలొవ్నా కూడా కొడుకు కోసం భయపడ్డ తల్లే. పావెల్ మీద బెంగతో కదిలిన ఆమె, అందరి కొడుకుల దాకా నడిచింది. అలెగ్జాండ్రాకు ఆ దారి లేదు. 'బేబీ'కి అందవలసిన అధికారం చెక్కుచెదరకూడదన్నదే ఆమె ఉత్తరాల పల్లవి. తల్లి ప్రేమ సింహాసనానికి కాపలా కాసింది. ఆ ప్రేమను తక్కువ చేయకుండానే ఈ మాట అనవచ్చు.

1917 మార్చి 8న పెట్రోగ్రాడ్‌లో బట్టల మిల్లుల ఆడవాళ్ళు రొట్టె కోసం పని మానేసి వీధుల్లోకి వచ్చారు. దేశంలో ధాన్యం ఉంది. దాన్ని నగరానికి చేర్చగల రైళ్ళే లేవు. ఆ వారమంతా జారినా తట్టు సోకిన పిల్లలకు ఉపచారం చేస్తూ ఉంది. ఇది పోకిరీల అల్లరి, చలి ఎక్కువగా ఉంటే అందరూ ఇళ్ళలోనే ఉండేవారని భర్తకు రాసింది. వారం తిరిగేలోగా నికొలస్ సింహాసనం వదులుకున్నాడు.

1918 జూలై 17న ఎకతెరీన్‌బుర్గ్‌లో ఆ కుటుంబాన్ని నేలమాళిగలో కాల్చి చంపారు. అలెక్సీకి అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆ పిల్లల హత్యను సమర్థించే వాదం నా దగ్గర లేదు. మనవాళ్ళ వ్యాసాలు ఆ రాత్రిని ఒక్క వాక్యంలో దాటెయ్యడం కూడా నాకు నచ్చదు. ఆడపిల్లల లోదుస్తుల్లో నగలు దాచి కుట్టి ఉన్నాయి. మొదటి గుళ్ళు వాటికి తగిలి పక్కకు పోయాయి.