రోశమ్మ కథలో చేను ఎక్కడుంది?

2016 ఆగస్టులో వర్ధినేని రోశమ్మ చనిపోయింది. ఆ ఇంటిపేరుతో చెబితే చాలామందికి గుర్తుకు రాకపోవచ్చు. దూబగుంట రోశమ్మ అంటే మాత్రం మన తరం ఆడవాళ్ళలో తెలియనివాళ్ళు తక్కువ. నెల్లూరు జిల్లా ఉదయగిరి నియోజకవర్గంలో, కలిగిరి మండలంలో ఉన్న ఒక మెట్టపల్లె పేరే ఆమెకు ఇంటిపేరయింది. పుట్టింటి పేరు పోయి అత్తింటి పేరు రావడం ఆడవాళ్ళందరికీ జరిగేదే. అత్తింటి పేరు కూడా పోయి ఊరి పేరు రావడం అరుదు. అది గౌరవమే. కానీ ఆ గౌరవంలో ఏం మిగిలింది, ఏం రాలిపోయింది అన్నది సాహిత్య విమర్శ వేసుకోవాల్సిన ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు నేనుగా తట్టింది కాదు. తొంభైల చివర్లో ఒక సెమినార్ కోసం రోశమ్మ మీద ఒక పత్రం రాశాను. 'ప్రతిఘటన', 'అస్తిత్వం', 'అధికార సంబంధాలు' లాంటి మాటలు అందులో నిండుగా ఉన్నాయి. సెలవుల్లో ఆత్మకూరు దగ్గర మా ఊరు పోయినప్పుడు అమ్మకు చదివి వినిపించాను. అమ్మ కందికాయ వలుస్తూ చివరిదాకా విని, "అంతా బానే ఉండాది గానీ మే, ఆమెకి చేనెంతుండింది? ఏం పంటేసేది? ఆమె కలెక్టరాఫీసుకి పోయిన్నాడు చేలో పని ఎవురు చేసినారు?" అంది. నా ఇరవై పేజీల్లో ఈ మూడు ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు లేదు. ఎందుకంటే ఆ ప్రశ్నలు అడగాలని నాకు తోచలేదు. అమ్మకు మొట్టమొదట తోచినవి అవే.

ఆ తర్వాత సారా వ్యతిరేక ఉద్యమం గురించి ఏది కనబడినా అమ్మ ప్రశ్నలు పక్కన పెట్టుకునే చదువుతూ వచ్చాను. నాకు అర్థమైంది ఇది: రోశమ్మను మనం తల్లిగా రాశాం, ఇల్లాలుగా రాశాం, వీరనారిగా రాశాం. రైతుగా రాయలేదు. ఇది అనుకోకుండా జరిగిన పొరపాటు కాదు. ఆ ఉద్యమాన్ని మనం ఎలా అర్థం చేసుకున్నామన్నది ఇందులోనే ఉంది.

ముందు ఆ నేల గురించి చెప్పుకోవాలి. నెల్లూరు అనగానే బయటివాళ్ళకు పెన్నా కింద వరి మడులు, మొలగొలుకులు గుర్తుకొస్తాయి. అది తూర్పు. పడమరగా వెలిగొండల వైపు పోయేకొద్దీ నేల రంగు మారుతుంది. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో చాలా భాగం మెట్ట. సజ్జ, జొన్న, కంది, వానను నమ్ముకున్న చెరువుల కింద కాస్త వరి. కలిగిరి చుట్టుపక్కల పొగాకు. పొగాకు వేసిన ఇంట్లో ఆడవాళ్ళకు రాత్రీ పగలూ తేడా ఉండదు. నారు నాటడం, ఆకు మొయ్యడం, కర్రలకు కట్టడం, బ్యారన్‌లో కాలిన ఆకును గ్రేడు చెయ్యడం, ఇందులో సగానికి పైగా ఆడవాళ్ళ చేతి పనే. కలిగిరిలో పొగాకు బోర్డు వేలం కేంద్రం ఉంది. అక్కడ బేళ్ళ పక్కన నిలబడే రైతు మాత్రం మగవాడే.

వేలం అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం. మెట్ట ప్రాంతపు ఆడవాళ్ళకు రెండు వేలాలు తెలుసు. ఒకటి తమ చెమటను వేరెవరో పాడుకునేది. రెండోది ఏటేటా జిల్లా కేంద్రంలో జరిగే సారా పాట. ఎనభైలలో వచ్చిన వారుణి వాహిని విధానంతో సారా ప్లాస్టిక్ ప్యాకెట్లలోకి మారింది. అంగడి దాకా పోవాల్సిన పని లేకుండా చేలగట్ల మీదికి, కళ్ళాల దగ్గరికి వచ్చింది. మా ఊళ్ళో కళ్ళం చేసేనాడే సారా బాకీ వసూలు చేసుకునేవాళ్ళు వచ్చి కూర్చునేవాళ్ళని అమ్మ చెప్పేది. గింజ ఇంటికి చేరకముందే బాకీ కింద జమయ్యేది. రాష్ట్రంలో సారా మీద ప్రభుత్వ ఆదాయం 1970-71లో 39 కోట్లు ఉంటే, 1991-92 నాటికి 812 కోట్లకు చేరింది. ఈ డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో బడ్జెట్ కాగితాల్లో ఉండదు. కూలి డబ్బుల్లోంచి, అమ్ముకున్న గొడ్డూగోదాలోంచి, వచ్చే కారుకు దాచిపెట్టిన విత్తనాల్లోంచి వచ్చింది. అంటే సారా మొగుడూపెళ్ళాల మధ్య గొడవ మాత్రమే కాదు. సేద్యం లోంచి సర్కారు ఖజానాకు తవ్విన కాలువ.

ఈ సంగతి ఆడవాళ్ళకు తెలుసనడానికి వాళ్ళు ఎంచుకున్న పద్ధతే సాక్ష్యం. మొగుళ్ళకు బుద్ధి చెప్పి ఊరుకోలేదు. ప్యాకెట్లు తగలబెట్టారు, సారా తెచ్చే జీపుల్ని ఊరి పొలిమేరలో ఆపారు. తాగొచ్చినవాడికి అన్నం వండబోమన్నారు. చివరికి 1992లో నెల్లూరు పోయి సారా పాటనే ఆపారు. వాళ్ళ దెబ్బకు పాట మళ్ళీ మళ్ళీ వాయిదా పడింది. మూలం ఎక్కడుందో తెలిసినవాళ్ళే అక్కడ కొడతారు.

ఇప్పుడు ఈ ఉద్యమాన్ని చెప్పిన పాఠ్యాలకు వద్దాం. అన్నిటికంటే ముందు చెప్పుకోవాల్సింది మనం సాహిత్యంగా లెక్కించని ఒక వయోజన వాచకం. నెల్లూరు జిల్లాలో 1990-91లో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. కొత్తగా చదువు నేర్చినవాళ్ళ కోసం వేసిన 'చదువు వెలుగు' వాచకంలో 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠం ఉంది. దూబగుంటలో తాగినవాళ్ళు చెరువులో పడి చనిపోవడం, ఆడవాళ్ళు కలిసి సారా అంగడి మూయించడం, ఆ పాఠం వెనకున్న సంఘటనలు. రాత్రిబళ్ళలో లాంతరు కింద అది చదివిన వేరే ఊళ్ళ ఆడవాళ్ళు, దూబగుంటలో జరిగింది మన ఊళ్ళో ఎందుకు జరగదనుకున్నారు.

ఆధునిక తెలుగు సాహిత్యంలో పాఠకులు ఇంత త్వరగా పాత్రలైపోయిన రచన ఇంకొకటి ఉందా? విమర్శకులుగా దాని శైలిని, నిర్మాణాన్ని మనం పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఆ శీర్షికే మనకు చాలా చెప్పేది. అందులో కర్త బహువచనం. 'ఏకమైతే' అన్నది షరతు. ఆ షరతు ఎవరైనా నెరవేర్చవచ్చు. అందుకే ఊరూరా ఆడవాళ్ళకు ఆ పాఠంలో చోటు దొరికింది.

తర్వాతి కథనాల్లో ఈ బహువచనం కరిగిపోతూ వచ్చింది. పత్రికలకు ఒక ముఖం కావాలి, వేదికలకు ఒక పేరు కావాలి. రోశమ్మ దొరికింది. ఆమె ధైర్యాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. ముందు నడిచినవాళ్ళు లేకుండా ఏ దారీ పడదు. కానీ ముందు నడిచిన మనిషి ఒక్కతే బొమ్మగా మిగిలినప్పుడు, ఆమె వెనక నడిచినవాళ్ళే కాదు, ఆమె బతుకులో మిగతా భాగం కూడా కనబడకుండా పోతుంది. ఆ బొమ్మకు వేసిన రంగులు కూడా మనకు తెలుసు. కాపురం నిలబెట్టుకున్న ఇల్లాలు, బిడ్డల కోసం తెగించిన తల్లి, దుర్గ, కాళి. సూసీ తారు, తేజస్విని నిరంజన 1994లో ప్రచురించిన వ్యాసంలో, ఈ ఉద్యమంలోని స్త్రీని ఒక్కో రాజకీయం తనకు కావలసిన మూసలో పోసుకున్న తీరును చర్చకు పెట్టారు. వాళ్ళు వేసిన ప్రశ్నకు నేను చేర్చేది ఒకటే. ఏ మూసలోనూ ఆమె చేతిలో కొడవలి లేదు.

ఇక్కడ ఇంకో స్త్రీని గుర్తు చేసుకోవాలి. తెలంగాణలో చాకలి అయిలమ్మ పేరు చెప్పగానే ఒక చేను గుర్తుకొస్తుంది. పాలకుర్తిలో ఆమె కౌలుకు చేసుకున్న భూమి, విసునూరు దేశ్‌ముఖ్ ఎత్తుకుపోవాలనుకున్న పంట, దాన్ని కాపాడుకున్న మనుషులు. ఆమె కథలోంచి ఆ పంటను తీసేస్తే కథే ఉండదు. అక్కడ పోరాటం భూమిది కాబట్టి చేను కథలో మిగిలింది. సారా ఉద్యమాన్ని తాగుడు సమస్యగా, తాగుడును ఇంటి సమస్యగా చదివాం కాబట్టి రోశమ్మ కథలోంచి చేను ఎగిరిపోయింది. ఇద్దరూ కాపాడుకున్నది కష్టఫలితాన్నే. ఒకరి విషయంలో దాన్ని రాజకీయం అన్నాం, ఇంకొకరి విషయంలో సంస్కరణ అన్నాం.

ఎవరు రాశారన్నది కూడా ముఖ్యమే. అదే నెల్లూరు జిల్లాలో, తూర్పున పొట్లపూడిలో పొణకా కనకమ్మ ఉంది. 1892లో పుట్టి 1963లో పోయింది. జాతీయోద్యమంలో జైలుకు వెళ్ళింది, కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది. తన జీవితం తనే రాసుకుంది. అయినా 'కనకపుష్యరాగం' పుస్తకంగా మన చేతికి వచ్చింది 2011లో. భూమీ, చదువూ, పలుకుబడీ ఉన్న స్త్రీ రాసిన మాటకే దాదాపు యాభై ఏళ్ళు పట్టింది. రాత్రిబడి పలకతో ఆగిపోయిన ఆడవాళ్ళ మాట ఎక్కడ దొరుకుతుంది? స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' ఒక దారి చూపించింది. అడిగి, విని, వాళ్ళ మాటల్లోనే రాయడం. తెలంగాణ పోరాట స్త్రీల దగ్గర కూర్చున్నంత ఓపికగా మెట్ట నెల్లూరు ఆడవాళ్ళ దగ్గర కూర్చున్నామా అని ముందు నన్ను నేనే అడుగుతున్నాను.

చట్టాల కథ మనకు తెలిసిందే. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం. 1997లో అది ఎత్తేశారు. సారా పోయి బ్రాందీ షాపు వచ్చింది. 2019లో ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. 2024 అక్టోబరు నుంచి మళ్ళీ ప్రైవేటు వాళ్ళు నడుపుతున్నారు. ఈలోగా సారా పాట ఆపిన జిల్లాలోనే పొదుపులక్ష్మి పథకం వచ్చింది. కొట్లాట నేర్చిన ఆడవాళ్ళకు రోజుకో రూపాయి దాచడం నేర్పారు. ఆ రూపాయి వాళ్ళకు పనికి రాలేదని అనను. మా అమ్మ ఆ డబ్బుతోనే బర్రెను కొన్నది. కానీ 'మా డబ్బు మీ ఖజానాకు ఎందుకు పోతున్నది' అని సర్కారును నిలదీసిన ఆడవాళ్ళు, 'నీ డబ్బు నువ్వు జాగ్రత్తగా దాచుకోవాలి' అని సర్కారు చేత చెప్పించుకునేవాళ్ళయ్యారు. ప్రశ్న దిక్కు మారిపోయింది.

1992 నుంచి 2016 దాకా ఇరవైనాలుగేళ్ళు. రోశమ్మ పేరు తలుచుకున్నప్పుడల్లా మనం 1992కే పోయి అక్కడే ఆగుతాం. నా పత్రం కూడా అక్కడే ఆగింది. ఆమె చావును కూడా ఆ ఏడాదికి ముడిపెట్టే చెప్పుకున్నాం. ఒక మగ నాయకుడి జీవితంలో ఇరవైనాలుగేళ్ళు ఖాళీగా వదిలి జీవితచరిత్ర రాస్తే ఒప్పుకుంటామా? గెలిచిన నిషేధం తన కళ్ళముందే పోవడం చూస్తూ, ఒక పల్లెలో ముసలితనం గడపడం ఎలా ఉంటుంది? అది ఉద్యమ చరిత్రలో భాగం కాదా? ఉద్యమం లేని రోజుల్లో ఆడవాళ్ళు చేసే పనికి మన దగ్గర కథన రూపం లేదు. కలుపు తీసిన రోజుకూ కోత కోసిన రోజుకూ తేదీలు ఉండవు. అందుకే అవి జీవితచరిత్రలోకి రావు.

అమ్మ పోయి ఆరేళ్ళయింది. దినం అయిపోయాక ఒక కాగితం నింపాల్సి వచ్చింది. అందులో చనిపోయినవారి వృత్తి అని ఒక గడి ఉంది. 'గృహిణి' అని రాసి సంతకం పెట్టాను. యాభై ఏళ్ళు నాట్లు వేసిన మనిషి, ఏ చెలకలో ఏ కారుకు ఏం వెయ్యాలో నాన్నకు చెప్పిన మనిషి. రాసింది ఏ గుమాస్తానో కాదు. స్త్రీవాద విమర్శ పాఠాలు చెప్పే నేను. ఆ రాత్రి అమ్మ మూడు ప్రశ్నలూ గుర్తొచ్చాయి. నా పత్రంలో రోశమ్మకు చేసిందే ఆ గడిలో అమ్మకూ చేశాను.

రోశమ్మకు విగ్రహాలూ బిరుదులూ ఇవ్వడానికి వేరేవాళ్ళు ఉన్నారు. మన పని వేరు. ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో ఆనాడు పలకలు పట్టిన ఆడవాళ్ళు ఇప్పుడు అవ్వలయ్యారు. వాళ్ళ దగ్గరికి పోయినప్పుడు మొదటి ప్రశ్నగా "సారా ఉద్యమంలో ఏం చేశారు?" అని అడగొద్దు. "చేనెంతుండింది? ఏం పంటేసేవాళ్ళు?" అని మొదలుపెడదాం. సారా సంగతి అందులోనే వస్తుంది.