వన్నెల నెరిగిన పలక
కరీంనగరు, వరంగల్లు సీమలనుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబములు మరమగ్గముల హోరునడుమ కాపురముండు సూరతు లింబాయతులో, ఒక నేతకాని కుమారుడు అరచేత నిముడు ఆర్డుయినో అను చిరుకంప్యూటరు పలకకు టీసీఎస్ 3200 అను రంగుల సెన్సరును తీగలతో సంధించుట చూచి ముగ్ధుడనైతిని. ఆ సెన్సరున 64 ఫోటోడయోడులు కలవు. ఎరుపు, ఆకుపచ్చ, నీలపు వడపోతలు కలవి 16 చొప్పున, ఏ వడపోతయు లేనివి 16. వస్తువుపై బడి మరలివచ్చిన వెలుగు హెచ్చినకొలది అది వెలువరించు విద్యుత్స్పందనముల వేగమును హెచ్చును. ముందుగా తెల్లకాగితమును, పిదప నల్లగుడ్డను చూపి కొలతలు సరిచూచుకొనుట ఈ విద్యకు ప్రాణము. కిటికీవెలుగు సోకకుండ అతడు నల్లకాగితపు గొట్టమును తొడిగిన నేర్పు నాకు మిక్కిలి నచ్చినది. చిలుకపచ్చ దారపుకండెను క్రింద నుంచగానే పలకకు కూర్చిన ఆకుపచ్చ దీపము వెలిగెను. తండ్రి ఆ కండెను చేతబట్టి, గుమ్మముకడ పగటివెలుగున మరల నొకసారి పరికించెను.