గచ్చు మేస్త్రీల చేతి చలవ

హైదరాబాద్‌ పబ్లిక్ గార్డెన్స్ పక్కన తెల్లగా వెలిగే శాసనసభ పాత భవనాన్ని చూసి అందరూ గుమ్మటాలను మెచ్చుకుంటారు. నాకు ముందు గుర్తొచ్చేది ఆ గోడలకు సున్నం పూసిన తాపీ మేస్త్రీలే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా 1905లో మొదలై 1913లో పూర్తయిన టౌన్‌హాల్ అది. చట్టసభ కావడం తర్వాతి కథ.

డంగు సున్నానికి తొందర పనికిరాదు. కాల్చిన సున్నపురాయిని నీళ్లలో విరియబెట్టి, రోజుల తరబడి నానబెట్టి, ఇసుకతో కలిపి ఎద్దు గానుగలో మెత్తగా నూరేవారు. కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్లు పోసేవారు. పూత మీద పలుచని పూత వేసి, నున్నటి రాయితో గంటలకొద్దీ రుద్దేవారు. ఎంత ఓపిక! చేయి ఆగితే మెరుపు రాదు. ఆ పూత గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ, ఏళ్లు గడిచేకొద్దీ మళ్లీ రాయవుతుంది. గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది.

అలాంటి గోడ పగుళ్లకు సిమెంటు మెత్తితే చెమ్మ లోపలే చిక్కి, గచ్చు పెచ్చులుగా ఊడుతుంది. పాత కట్టడాల మరమ్మతుకు సున్నం పని తెలిసిన మేస్త్రీనే పిలవాలి, అడిగినంత కూలి ఇచ్చి.