ఏడా చేతుల్లోని బాణీ

సినిమాలో పియానో మోగిందంటే మనం ఏం అనుభవించాలో ఎవరో ముందే తేల్చేశారన్నమాట. మన పాత సినిమాల్లో దీనికి ఒక స్థిరమైన పద్ధతి ఉండేది. పెద్ద బంగళా, పుట్టినరోజు పార్టీ, హాలు మధ్యలో నల్లగా మెరిసే పియానో, దాని ముందు కోటు తొడుక్కున్న భగ్నప్రేమికుడు, మేడమెట్ల దగ్గర తల దించుకున్న నాయిక. వేళ్లు ఒక దారిన, స్వరాలు ఇంకో దారిన పోతున్నా ఎవరూ పట్టించుకునేవారు కాదు. విరహానికి పియానో ఒక ఫర్నిచర్ లాంటిది, అంతే. ఈ అలవాటును తలకిందులు చేసిన బాణీ ఒకటుంది. 1993లో జేన్ క్యాంపియన్ తీసిన ‘ద పియానో’ సినిమాకు బ్రిటిష్ స్వరకర్త మైకేల్ నైమన్ రాసిన ‘ద హార్ట్ ఆస్క్స్ ప్లెజర్ ఫస్ట్’. వచ్చి ముప్పై ఏళ్లు దాటినా పియానో నేర్చుకునేవాళ్లు దాన్ని వెతుక్కుని మరీ సాధన చేస్తున్నారు. వినేవాళ్లలో ఎక్కువమంది దాన్ని ఒక విషాద ప్రేమగీతం కింద జమకడతారు. ఆ లెక్క తప్పని నా వాదన. ఒక పాత్ర చేతికి అప్పగించిన పనిగా పుట్టింది కాబట్టే ఆ బాణీ మనల్ని అంతగా పట్టుకుంటుంది.

కథ సంగతి కొంత చెప్పుకోవాలి. పందొమ్మిదో శతాబ్దం నడిమి కాలం. స్కాట్లాండ్‌కు చెందిన ఏడా ఆరేళ్ల వయసులో మాట మానేసింది. ఎందుకు మానేసిందో తనకే తెలియదంటుంది. తండ్రి కుదిర్చిన సంబంధం ప్రకారం, ముఖమైనా చూడని స్టూవర్ట్ అనే మనిషికి భార్యగా న్యూజిలాండ్ వస్తుంది. వెంట కూతురు ఫ్లోరా, బ్రాడ్‌వుడ్ కంపెనీ పియానో ఒకటి. పడవవాళ్లు సామానంతా సముద్రపు ఒడ్డున దించేసి పోతారు. అడవి దారి, మోకాలి లోతు బురద, మోసేవాళ్లు చాలరు. పియానోను అక్కడే వదిలెయ్యమంటాడు స్టూవర్ట్. తర్వాత ఏడా పొరుగున ఉండే బేన్స్‌ను బతిమాలి ఒడ్డుకు వెళ్తుంది, పెట్టె పలకలు తీయించి పొద్దుగూకేదాకా వాయిస్తుంది. ఆక్లండ్ దగ్గరి కారెకారె తీరంలో తీసిన ఆ దృశ్యంలోనే ఈ బాణీ మనల్ని మొదటిసారి పూర్తిగా కమ్ముకుంటుంది. వెనక కెరటాలు, ఇసుకలో పిల్ల పిల్లిమొగ్గలు, అంతదాకా బిగుసుకుపోయి ఉన్న ఏడా ముఖం మీద నవ్వు. గమనించాల్సింది ఏమిటంటే, అప్పటికింకా ఏ ప్రేమా మొదలుకాలేదు. భర్త మీద ఆమెకు కోపమే ఉంది. బేన్స్ ఆమెకు దారి చూపించిన మనిషి మాత్రమే. విరహం లేదు, వియోగం లేదు. తనదైన వస్తువు మళ్లీ తన చేతికి అందింది. ఆ క్షణంలో విన్నదాన్ని విషాద ప్రేమగీతం అనడానికి కథ ఒప్పుకోదు.

ఇక బాణీ నిర్మాణం చూద్దాం. పియానోలో మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి తీగను కొడుతుంది. కొట్టిన క్షణం నుంచే ఆ ధ్వని తరగడం మొదలుపెడుతుంది. వయొలిన్ కమానులా లాగి నిలబెట్టడం, గొంతులా ఊపిరి బిగబట్టి సాగదీయడం కుదరదు. పియానో మీద పాట బతకాలంటే మళ్లీ మళ్లీ కొడుతూనే ఉండాలి. నైమన్ ఈ పరిమితినే బాణీకి ఆధారం చేసుకున్నాడు. ఎడమ చేయి తీగల్ని విడివిడిగా పలికిస్తూ అలలా కింద నుంచి పైకి, పై నుంచి కిందికి తిరుగుతుంది. కుడి చేతికి రెండు పనులు. చివరి వేళ్లు పాటను మోస్తుంటే, బొటనవేలి వైపు వేళ్లు సందుల్ని చిన్న చిన్న స్వరాలతో నింపుతుంటాయి. పాటలో ఒక్కో స్వరం పొడవుగా వినిపిస్తుంది కానీ, దాని అడుగున ధార తెగదు. గాయకులైతే ఊపిరి తీసుకోవడానికి ఎక్కడో ఒకచోట ఆగాలి. ఇక్కడ అలాంటి ఆగుదల దాదాపుగా లేదు. మైనర్ స్కేల్ కాబట్టి మన చెవికి నఠభైరవి ఛాయ తగులుతుంది, దిగులు అందులోంచే వస్తోందనిపిస్తుంది. కానీ ఆ స్వరాలతోనే చిందులేయించే పాటలు ఎన్నో ఉన్నాయి. స్కేలు ఒక్కటే గుండె పట్టేయదు. దిగులుగా ఉన్న స్వరాలను దిగులుకు వీల్లేనంత వేగంగా, ఒక మొండితనంతో నడిపించడం వల్ల ఆ బిగువు పుడుతోంది. నోరు విప్పని మనిషికి ఊపిరి అక్కర్లేని పాట ఇవ్వడం అంటే, పాత్ర స్వభావాన్ని వేళ్ల లెక్కలోకి మార్చడమే.

ఇది యాదృచ్ఛికం కాదనడానికి ఆధారం, పని జరిగిన క్రమంలోనే ఉంది. మామూలుగా నేపథ్య సంగీతం చివర్లో వస్తుంది. ఎడిటింగ్ ముగిశాక స్వరకర్త తెర చూస్తూ ఖాళీలు నింపుతాడు. ఇక్కడ ఏడాగా నటించిన హాలీ హంటర్ చిన్నప్పటి నుంచి పియానో నేర్చుకున్న మనిషి, తెర మీద తానే వాయించాలి. కాబట్టి స్వరాలు షూటింగ్‌కు ముందే సిద్ధం కావాలి. సినిమాకు సంగీతం కాకుండా, ఏడా తనకోసం తానే కట్టుకున్నట్టుండే బాణీలు రాయాలనుకున్నానని నైమన్ చెప్పుకున్నాడు. ఆమె స్కాట్లాండ్ మనిషి కాబట్టి అక్కడి పాత పాటల్లోకి వెళ్లాడు. ఈ బాణీకి మూలం ‘గ్లూమీ వింటర్స్ నూ అవా’ అనే పాట. దానికి మాటలు రాసినవాడు రాబర్ట్ టానహిల్, పేజ్లీ ఊళ్లో మగ్గం నేసిన కవి, 1810లో చనిపోయాడు. అంటే ఏడా చిన్నప్పుడు ఇంట్లోనో వీధిలోనో విని ఉండదగిన పాట అది. ఆ పాటను ఆమె చేతులు గుర్తుంచుకుని, తమకు తోచినట్టు మార్చుకున్నాయని మనం నమ్మగలం. పాత్రకు కుట్టిన దుస్తుల్లాగే ఈ సంగీతానికీ ఒక ఊరు, ఒక కాలం ఉన్నాయి.

చేతికీ సంగీతానికీ ఉన్న ఈ సంబంధాన్ని క్యాంపియన్ ఒక చిన్న దృశ్యంలో దగ్గరగా చూపిస్తుంది. పియానో ఇంకా ఒడ్డునే ఉంది. ఏడా వంటింటి బల్ల అంచు మీద మెట్ల ఆకారం చెక్కుకుని, వాటి మీద వేళ్లు కదుపుతుంటుంది. పక్కన ఫ్లోరా పాడుతుంటుంది. వచ్చి చూసిన స్టూవర్ట్‌కు భార్య మతిస్థిమితం మీద అనుమానం వస్తుంది. చప్పుడు చేయని చెక్క మీద వాయించే మనిషికి సంగీతం చెవికి సంబంధించిన సుఖం కాదని మనకు అర్థమవుతుంది. ఆమెకు అది చేసే పని, చేయకుండా ఉండలేని పని. తర్వాత పియానో బేన్స్ గుడిసెకు చేరినప్పుడు దాన్ని సరిచేయడానికి ఒక అంధుడు వస్తాడు. ముట్టుకుని బ్రాడ్‌వుడ్ అని గుర్తుపడతాడు. చెక్కలో ఇంకిన అత్తరు వాసనను, సముద్రపు ఉప్పును పసిగడతాడు. వాయించేది ఎవరో తెలియకపోయినా, ఆ వాద్యం ఎవరో ఒకరి శరీరంతో ముడిపడి ఉందని అతనికి తెలుస్తుంది. ఇన్ని ఆనవాళ్లు చూశాక బాణీ వినేటప్పుడు మన చెవి స్వరాల దగ్గర ఆగదు. వాటిని కొడుతున్న వేళ్లను వెతుక్కుంటుంది.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది కాలానికి సంబంధించినది. 1850ల నాటి ఆడమనిషి ఇలా వాయించి ఉండదని, ఇది చిన్న ముక్కల్ని పదేపదే తిప్పే ఇరవయ్యో శతాబ్దపు మినిమలిస్టు ధోరణి అని సంగీతం తెలిసినవాళ్లు అంటారు. నిజమే. 1968లో ఒక పత్రికా వ్యాసంలో మినిమలిజం అనే మాటను సంగీతానికి వర్తింపజేసినవాళ్లలో నైమనే మొదటివాడని పేరు. పాత సరుకును తీసుకుని దాని మీద కొత్తగా అల్లడం అతనికి ముందు నుంచీ అలవాటు. 1982లో ‘ద డ్రాఫ్ట్స్‌మన్స్ కాంట్రాక్ట్’ సినిమాకు పదిహేడో శతాబ్దపు హెన్రీ పర్సెల్ సంగీతం మీద ఇలాగే పనిచేశాడు. అయితే ఈ కాలదోషాన్ని సినిమా దాచిపెట్టలేదు, కథలోకే తెచ్చింది. ఏడా వాయించేది మనవాళ్లు వాయించేలా ఉండదని, ఏదో వింత భావం ఒంట్లోకి పాకినట్టుంటుందని స్టూవర్ట్ మేనత్త మొరాగ్ ఇబ్బందిపడుతుంది. ఆ కాలపు చెవికి కొత్తగా తోచాలనే ఆ సంగీతం అలా ఉంది. అచ్చంగా ఆనాటి డ్రాయింగ్‌రూమ్ సంగీతం పెట్టి ఉంటే ఏడా అందరిలా పియానో నేర్చిన ఇంటి ఆడపడుచే అయ్యేది.

రెండో అభ్యంతరం, ఇందులో ఉన్నది ఒకటే ముక్క, దాన్నే తిప్పి తిప్పి వాయిస్తారని. పల్లవి తిరిగొచ్చిన ప్రతిసారీ ఒక కొత్త సంగతి వినడానికి అలవాటుపడిన మన చెవికి ఈ ఫిర్యాదు మరీ సబబుగా తోస్తుంది. త్యాగరాజ కృతిలో సంగతులు పేరుకుంటూ పోయి మొదటి పంక్తినే మరో ఎత్తుకు చేరుస్తాయి. ఇక్కడ అలాంటి వికాసం లేదు. పంక్తి దాదాపు అదే. మారేది దాని కింది ఒత్తిడి, చేతి బరువు. కానీ ఏడా పరిస్థితికి వికాసం అబద్ధమయ్యేది. ఆమెకు వెళ్లే దారి లేదు. పెళ్లి, అడవి, బురద, భాష, అన్నీ మూసుకుపోయాయి. ఒకటే చోట తిరుగుతూ కూడా లొంగని మనిషిని సంగీతంలో చెప్పాలంటే ఒకటే పంక్తిని వదలకుండా పట్టుకోవడం కన్నా నిజాయితీ గల మార్గం లేదు. పునరుక్తి మంచిదా చెడ్డదా అని విడిగా తేల్చలేం, అది ఎవరి నోటి నుంచి వస్తోందో చూడాలి.

మూడోది అన్నింటికన్నా బలమైన అభ్యంతరం. సినిమా చూడనివాళ్లు కూడా ఈ బాణీకి కదిలిపోతున్నారు కదా, మరి పాత్ర, చేయి, కథ అనే ఈ వాదనంతా దేనికి? ఆల్బమ్ లక్షల్లో అమ్ముడుపోయింది. ఫిన్లాండ్‌కు చెందిన మెటల్ బృందం నైట్‌విష్ దానికి మాటలు కట్టి పాడింది కూడా. వీళ్లందరికీ ఏడా కథ తెలిసి ఉండనక్కర్లేదు. ఒప్పుకోవాల్సిన మాటే. కానీ కథ తెలియకపోయినా, కథ కోసం చేసిన నిర్మాణం స్వరాల్లో ఉండిపోయింది. ఆగని ధార, ఊపిరికి చోటివ్వని పొందిక, రెండు పనులు చేసే కుడి చేయి, ఇవన్నీ పాత్ర అవసరం నుంచి పుట్టినవి. అవసరం ఏమిటో తెలియని శ్రోతకు కూడా వాటి ఫలితం తగులుతుంది. ఎవరో ఆగకుండా ఏదో చెప్పాలని చూస్తున్నారని అతనికి అనిపిస్తుంది. తెలిసిన శ్రోతకు ఆ ఎవరో ఒక పేరుతో కనిపిస్తారు. నైట్‌విష్ మాటలు కట్టడం కూడా ఇదే చెబుతోంది. మాట కోసం వదిలిన ఖాళీ అందులో ఉందని వాళ్ల చెవికి తోచింది.

ప్రేమ సంగతి ఏమిటి మరి? సినిమాలో ప్రేమ ఉంది, కానీ అది చాలా అసౌకర్యమైన చోట మొదలవుతుంది. స్టూవర్ట్‌కు భూమి ఇచ్చి పియానో కొనుక్కున్న బేన్స్, అది తిరిగి దక్కాలంటే ఒక్కో నల్ల మెట్టుకు ఇంత చనువు అని ఏడాతో బేరం పెడతాడు. దాన్ని ప్రేమ అనలేం. ఆ బేరం తననూ ఆమెనూ దిగజారుస్తోందని గ్రహించి, అతను పియానోను ఉత్తినే తిరిగి ఇచ్చేశాకే వాళ్లిద్దరి మధ్య ప్రేమకు చోటు దొరుకుతుంది. ప్రేమకథగా కూడా ఇందులో తేలేది ఒకటే: ఆమె సంగీతం ఎవరి సొత్తూ కానప్పుడే ఆమె మనసు తెరుచుకుంటుంది. బాణీకి పేరు ఎమిలీ డికిన్సన్ కవిత నుంచి వచ్చింది. ఆనందం కోరడంతో మొదలై, ఒక్కో మెట్టు దిగుతూ చివరికి చావు స్వేచ్ఛ దాకా వెళ్లే కవిత అది. నైమన్ తీసుకున్నది మొదటి మెట్టును. మనసు ముందుగా అడిగేది సంతోషాన్నే అన్నదాన్ని. ఒడ్డున ఏడా నవ్వుకు ఆ పేరు చక్కగా అతుకుతుంది.

ఇందులో మన సినిమావాళ్లకు పనికొచ్చే విషయం ఉంది. షూటింగ్‌కు ముందే సంగీతం సిద్ధం కావడం మనకు కొత్త కాదు. మన పాటలు దాదాపు అన్నీ అలాగే పుడతాయి, ముందు రికార్డింగ్, తర్వాత చిత్రీకరణ. కాబట్టి క్రమం ఒక్కటే మార్చుకుంటే ఏడా లాంటి బాణీ వచ్చేస్తుందనుకోవడం పొరపాటు. పాట ముందే ఉన్నా, తెర మీది మనిషికి దానితో పెదవులు కలపడం తప్ప వేరే పని లేకపోతే అది బయటి నుంచి తగిలించిన భావంగానే మిగులుతుంది. గుండెను పిండే పియానో బిట్ కావాలని స్వరకర్తను అడిగే దర్శకుడు అంతకు ముందు తనను తాను ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ సంగీతం లేకపోతే ఈ పాత్ర చేయలేని పని ఏమిటి? దానికి జవాబు లేకపోతే ఎంత తీయని మైనర్ స్వరాలు పేర్చినా అది ఫర్నిచరే. జవాబు దొరికితే, సాదాసీదా జానపద వరుస కూడా చాలు.