గాజుచెరువునకు మొరవ

మంచి వానలు కురిసిన యేట గుడుపల్లె ప్రాంతమున చెరువు నిండినదా యని యడుగువారికంటె "మొరవ పోతా ఉందా?" అని యడుగువారే యెక్కువ. కట్టమీద నిలిచి యెంత నీరు చేరినదో చూచి సంతసించుటకంటె, చేరిన నీటిలో మిగులు తనకు నియమించిన దారిన వెడలుచున్నదో లేదో కనుగొనుటయే ఇచ్చటివారికి ముఖ్యము. నందికొండలయందు బుట్టి, కోలారు సీమ దాటి, కుప్పం ప్రాంతము మీదుగా తమిళదేశమునకు బోవు పాలారు ఏడాదిలో అధికకాలము ఇసుకగానే కనబడును. అందుచేత ఒక్కొక్క వంకకు అడ్డముగా కట్ట పోసి, పైచెరువు మొరవనీరు క్రిందిచెరువునకు జేరునట్లు గొలుసుగా గూర్చుట ఈ సీమ పూర్వులకు జీవనవిద్య యైనది. ఇంట చేపలను పెంచు గాజుతొట్టికి పొర్లుదారియు, దాని క్రింద నీటిని శుద్ధిచేయు సంపును అమర్చదలచినవాడు ఈ విద్యనే మొదట అభ్యసింపవలెనని నా దృఢాభిప్రాయము.

మొరవ యనగా కట్టకు ఒక కొనయందు, గట్టినేలయో బండయో దొరకినచోట, కట్టకంటె తగ్గుగా రాతితో నిర్మించిన గడప. తూము అడుగునీటిని పొలమునకు విడుచును. మొరవ పైనీటిని మాత్రమే పోనిచ్చును. గడప యెంత యెత్తో చెరువు నిండుమట్టము అంత. కొన్ని పాత మొరవలపై వరుసగా నిలువురాళ్లు నాటియుండును. వానలు వెనుకబట్టిన పిదప ఆ రాళ్ల నడుమ మట్టిపెళ్లలు దట్టించి మరికొంత నీటిని నిలుపుకొనెడివారు. ఆశకు లోనై ముందుగానే దట్టించినచో పెద్దవాన వచ్చిన రాత్రి కట్టయే తెగిపోవును.

క్రీ.శ. 1369లో కడప సీమయందలి పోరుమామిళ్లలో, విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు చెరువు త్రవ్వించి వేయించిన సంస్కృత శాసనము, చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములతోపాటు ఆరు దోషములను గూడ పేర్కొన్నది. కట్టనుండి నీరూరుట, చవిటినేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, నడుమ మిట్ట యుండుట, స్వల్పజలమునకు విస్తారభూమి, విస్తారజలమునకు స్వల్పస్థలము అనునవి యా దోషములు. కడపటి దోషమును నేను చదివి తెలిసికొనలేదు, అనుభవించి తెలిసికొంటిని.

నా తొట్టి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర యెత్తు గలది. అంచువరకు నింపిన సుమారు 255 లీటర్లు పట్టును. మూలయందు గాజుపలకతో ఒక గూడు గట్టి, దాని పై అంచున దువ్వెనవలె పండ్లు కోయించితిని. అవి మొరవపై నిలువురాళ్లను తలపించును గాని, వాని పని చేపలను ఆపుట. పైనీటిమీద తెట్టుకట్టు జిడ్డు ఆ పండ్ల నడుమగా గూటిలోనికి జారి, గొట్టము వెంట క్రింది సంపునకు దిగును. అచ్చట స్పాంజియు, రంధ్రములుగల రాళ్లును దాటునప్పుడు, వాని నంటియుండు సూక్ష్మజీవులు చేపల విసర్జనమునుండి పుట్టు అమ్మోనియాను నైట్రైటుగను, దానిని నైట్రేటుగను మార్చును. సంపు చివరి అరలోని పంపు ఆ నీటిని తిరుగుగొట్టము వెంట మరల మీదికెత్తును. చెరువుల గొలుసులో మేఘము చేయు పనిని ఇచ్చట పంపు చేయుచున్నది.

నేను ఆ తిరుగుగొట్టపు మూతిని మొదట తొట్టి అడుగువరకు దించితిని. ఒక రాత్రి కరెంటు పోయినది. పంపు ఆగగానే, ఎక్కిన గొట్టమే దిగుగొట్టమై, సైఫను పట్టి, తొట్టినీటిలో చాలభాగమును సంపులోనికి లాగివేసినది. సంపు నిండి, పొర్లి, గదియంతయు మడుగైనది. తెల్లవారునప్పటికి చేపలు వ్రేళ్లలోతు నీటిలో ప్రక్కవాటుగా కొట్టుకొనుచుండుట చూచి నేను పడిన బాధ నేటికిని మరువలేదు.

ఆ పిదప లెక్క వేసితిని. నా తొట్టిలో నీటిమట్టము ఒక అంగుళము దిగిన సుమారు 14 లీటర్లు తరలును. తిరుగుగొట్టపు మూతిని మట్టమునకు రెండంగుళముల లోతుననే నిలిపినచో, పంపు ఆగినప్పుడు తరలునది 28 లీటర్లు. గొట్టములలోని నీరు దీనికి అదనము. సంపు నడుచుచుండగా అంతకు మించిన ఖాళీ దానిలో నుండితీరవలెను. మట్టమునకు కొంచెము దిగువగా తిరుగుగొట్టమునకు చిన్న రంధ్రము చేసినచో గాలి చొరబడి సైఫను తెగును. కాని పాచి పట్టి రంధ్రము పూడిపోవచ్చును గనుక దానిని తరచు శుభ్రపరుపవలెను. ఎదురునీటిని ఆపు వాల్వుమీద భారము వేయుట నాకు సమ్మతము కాదు. ఒక చిన్న నత్త అడ్డుపడినను అది మూసికొనదు.

గూటినుండి సంపునకు దిగు గొట్టము సంగతి మరియొకటి. నీరును గాలియు కలిసి దిగునప్పుడు రాత్రియంతయు గుడగుడధ్వని వినబడును. గూటిలో రెండు గొట్టములు పెట్టి, మొదటిదానికి క్రింద గేటువాల్వు బిగించి, మూతి యెల్లప్పుడు మునిగియుండునట్లు వాల్వును కొద్దికొద్దిగా త్రిప్పి సరిచేసినచో, గొట్టము నిండుగా ప్రవహించి నిశ్శబ్దమగును. రెండవగొట్టపు మూతి కొంచెము ఎత్తుననుండి ఊరక వేచియుండును. ఆకుముక్కయో నత్తయో మొదటిదానిని అడ్డగించిననాడు అది పనికి వచ్చును. దానికి వాల్వు పెట్టరాదు. ఆపదకై యుంచిన దారికి తలుపు తగదు. గొట్టములకై అడుగుగాజునకు రంధ్రము చేయించువారు అది టఫెన్డ్ గాజు కాదని ముందే తెలిసికొనవలెను. అట్టి గాజునకు బరమా తగిలినంతనే పలక యంతయు పలుకులగును.

చేపలను విడుచుటకు ముందు నేనిప్పుడు రెండు పరీక్షలు జరుపుదును. మొదట గుడ్డతో మొదటి గొట్టపు మూతిని మూసి, రెండవది నీటినంతయు తీసికొనునో లేదో చూతును. పిదప స్విచ్చి నార్పి సంపు ప్రక్కన కూర్చుందును. నీరు అరలలో ఒక్కొక్క అంగుళమే యెక్కి, అంచునకు నాలుగు వ్రేళ్ల దిగువన నిలిచిపోవును. తిరిగి స్విచ్చి వేయగా చివరి అరలో మట్టము దిగి, గాజుపై నేను పెయింటుతో గీచిన గీతయొద్ద ఆగును. మీది తొట్టిలో నీరు మరల దువ్వెనపండ్ల నందుకొని, మొరవ పోవ నారంభించును.