ఎర్రమట్టి పట్టిచ్చే ఆయిల్ లీకు

ఇంజిన్ ఆయిలు కారే చోటు ఒకటి, కనబడే చోటు ఇంకొకటి. పైన ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ దగ్గర చెమర్చిన ఆయిలు ఇంజిన్ పక్కగోడ వెంట దిగి, బండి నడిచేటప్పటి గాలికి వెనక్కి పాకి, ఇంజిన్ అడుగున ఆయిలు నిలిచే తొట్టి, అంటే ఛాంబర్ అంచున బొట్టు కడుతుంది. కింద దూరి చూసినవాళ్లకు తప్పు ఛాంబర్‌దే అనిపిస్తుంది. దాని బోల్టులు బిగించి, చుట్టూ అనాబాండ్ సీలెంట్ పూసి లేస్తారు. కొన్నాళ్లకు మళ్లీ అదే మరక. సొంతంగా చేసుకునే ఈ రిపేరులో సగం పని వెతుకులాటే.

అనంతపురం మెట్టనేలలో ఆ వెతుకులాటకు దుమ్ము సాయం చేస్తుంది. ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. వేరుశనగ చేల బాటలు చాలా నెలలు పొడిగానే ఉంటాయి. పొడి లోహం మీద పడ్డ ఎర్రమట్టి గుడ్డతో దులిపితే పోతుంది. ఆయిలు తగిలిన చోట మాత్రం పెచ్చు కడుతుంది. పాత లీకు పెచ్చు నల్లగా, గట్టిగా ఉంటుంది. కొత్తది తడిగా మెరుస్తుంది. అన్నిటికన్నా ఎత్తున ఉన్న పెచ్చు, అందులోనూ దాని పై అంచు: వేలు పెట్టాల్సింది అక్కడ. ఏళ్లుగా మట్టి పేరుకుని ఏదీ తెలియకపోతే, చల్లారిన ఇంజిన్‌ను డీజిలు, బ్రష్షుతో కడిగి, వాసన కూడా మిగలకుండా ఆరబెట్టాలి. అతుకుల మీద టాల్కం పౌడరు చల్లి కాసేపు నడిపితే తెల్లటి పొడిలో తడిచార తేలుతుంది. కిందికి దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడం, స్టాండ్లు తప్పనిసరి.

ప్యాకింగ్ మార్చే ముందు చూడాల్సింది బ్రీదర్ గొట్టం. చాలామంది దీన్ని వదిలేస్తారు. అది పూడుకుపోతే లోపలి పీడనం బయటికి దారిలేక బలహీనంగా ఉన్న సీలునల్లా తోస్తుంది. ఎన్ని సీళ్లు మార్చినా నిలవవు. గొట్టం శుభ్రంగా ఉన్నా, ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ దబదబా కొడితే అది మెకానిక్‌లు చెప్పే బ్యాక్ కంప్రెషన్. పిస్టన్ రింగులు అరిగిన లక్షణం, ప్యాకింగ్‌తో తీరేది కాదు.

ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ ఇంట్లో మార్చుకోదగ్గ పని. ఏళ్ల తరబడి ఇంజిన్ వేడి తిన్న రబ్బరు, బయట 40 డిగ్రీలు దాటే ఎండలూ తోడై, వేలితో వంచితే పటుక్కున విరుగుతుంది. కవర్ తీశాక అల్యూమినియం అంచును ఉలితో గీకకూడదు. ప్లాస్టిక్ ముక్కతో గీకి పొడిగుడ్డతో తుడవాలి. కొత్త రబ్బరు ప్యాకింగ్‌కు అనాబాండ్ అక్కర్లేదు, మాన్యువల్ చెప్పిన మూలల్లో ఒక్కో చుక్క చాలు. ఎక్కువైతే లోపల ఊడిపడి ఆయిల్ పంపు జల్లెడను మూసేస్తుంది. బోల్టులను మధ్య నుంచి చివరలకు, రెండు మూడు విడతలుగా బిగించాలి. ఆ సన్నటి బోల్టులకు సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. పానా మీద బలం చూపిస్తే మరలు పోతాయి.

డ్రెయిన్ నట్టు దగ్గర కారితే కొత్త వాషర్ వేస్తే సరి. ఫిల్టర్ మార్చేటప్పుడు పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయిందేమో చూడాలి. రెండు రింగులు ఒకదానిమీదొకటి పడితే ఆయిలంతా నిమిషాల్లో రోడ్డుపాలు.

క్రాంకు వెనక సీలు సంగతి వేరు. గేర్‌బాక్సు దించాలి కాబట్టి అది షెడ్డు పని. 1489 సీసీ పెట్రోలు అంబాసిడర్‌కు ఆ చోట ఇప్పటిలాంటి రబ్బరు సీలే లేదు. షాఫ్టు మీది మర ఆయిల్‌ను లోపలికి తిప్పికొట్టేది. నాలుగు బొట్లు పడితే టాక్సీ డ్రైవర్లు లెక్కచేసేవారు కాదు. నేటి బండికీ అక్కడ చెమ్మ మాత్రమే ఉండి, క్లచ్ జారకపోతే, వెంటనే విప్పించాల్సిన పనిలేదు. వారానికోసారి, బెంగళూరు లాంటి దూరప్రయాణానికి ముందు మరోసారి, చదునైన నేల మీద డిప్‌స్టిక్ తీసి చూసుకుంటే సరిపోతుంది.