రుద్రమ వేషమును, సిపాయి దుస్తులును

2021 మే 8వ తేదీన మన బెంగుళూరులోని సైనిక పోలీసు శిక్షణ కేంద్రమున 83 మంది యువతులు కవాతు చేసి, ప్రమాణము స్వీకరించి సైన్యమున ప్రవేశించిరి. వారు 61 వారములు శిక్షణ పొందినవారు. కరోనా వ్యాధి ప్రబలిన దినములగుటచే ఆ ఉత్సవము హంగులేవియు లేక జరిగెను. నర్సులుగను, వైద్యులుగను, 1992 నాటి పథకముచే ఇతర శాఖలలో అధికారిణులుగను స్త్రీలు అంతకుముందే పనిచేయుచుండిరి. స్థిరసైన్యమున సిపాయి వరుసలో నిలిచిన తొలి స్త్రీల జట్టు మాత్రము ఇదియే.

ఈ సిపాయి స్త్రీని వర్ణించుటకు మన సాహిత్యమున తగిన మాట కలదా యని మేము ఆలోచించితిమి. వీరనారి యనగానే మనకు రుద్రమదేవి స్ఫురించును. ఆమె 1262 మొదలు 1289 వరకు ఓరుగల్లును ఏలినది. అడివి బాపిరాజుగారి నవల ఆ కాలమును మనోహరముగ చిత్రించినది; అయినను దాని పేరు ‘గోన గన్నారెడ్డి’. 2015లో వెలువడిన ‘రుద్రమదేవి’ చలనచిత్రము ఆమె పేరునే ధరించినది గాని, అందలి కథకు ఆయువుపట్టు పురుషవేషము. శాసనములు ఆమెను రుద్రదేవ మహారాజని పేర్కొనుట నిజమే. కాని కథకులు ఆ వేషమునందే విస్మయము చూపి, ఇరువదియేడేండ్ల రాజ్యభారమును విస్మరించిరని మా ఆక్షేపణ. ఆమెయు, సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకమున కేగిరని 1289 నాటి చందుపట్ల శాసనము చెప్పుచున్నది. అది రణమరణమేయని చరిత్రకారులు పలువురు తలచిరి. ఆ కడపటి రుద్రమ మన రంగస్థలముపై ఎన్నడైన కనిపించెనా?

ఇది కేవలము సాహిత్య విషయము కాదు. స్త్రీ అధికారిణులకు శాశ్వత నియామకము గూర్చిన వ్యాజ్యెమున, పల్లెలనుండి వచ్చిన సిపాయిలు స్త్రీల ఆజ్ఞను అంగీకరించుటకు మానసికముగ సిద్ధముగ లేరను వాదము ప్రభుత్వపక్షమున వినిపించెను. 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు దానిని త్రోసిపుచ్చెను. ఏడువందల ఏండ్లకు పూర్వమే తెలుగు పల్లెల బంట్లు ఒక స్త్రీ ఆజ్ఞను తలదాల్చిరి గదా! ఆ విధేయతను వేషమహిమగ చూపిన కథలు ఈ వాదమునకు బదులీయజాలవు.

రాణికాక, దేవతకాక, ఆయుధము పట్టిన సామాన్యస్త్రీ స్వరము వినవలెనన్న ‘మనకు తెలియని మన చరిత్ర’ చదువవలెను. తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటనవారు సేకరించి 1986లో ప్రకటించిరి. వారిది ప్రభుత్వసైన్యము కాదు, గెరిల్లా దళములు. అయినను అడవి బ్రతుకు, ఆకలి, దళమునకు ముప్పు రాకుండుటకై కన్నబిడ్డను విడిచిన తల్లి వేదన అందు అలంకారము లేకయే పలికినవి. 1951లో పోరాటము విరమించిన పిమ్మట తమను తిరిగి వంటింటికి పొమ్మనిరని వారు చెప్పిన మాటలు చదువరి మనస్సును కలచును. దళమును నడిపిన మల్లు స్వరాజ్యంగారి వంటివారు పిమ్మట శాసనసభ చేరిరి. అది కొందరికే దక్కినది. ఆ గ్రంథమున కావ్యశోభ తక్కువ కావచ్చును. అయినను సత్యమున మన చారిత్రక నవలలను మించినదని మా నిశ్చయము.

మన ఉగాది సభలలో బాలికలు అట్టకత్తి పట్టి రుద్రమ వేషము వేయుదురు. మనము చప్పట్లు కొట్టుదుము. ఆ బాలికయే పెరిగి సైన్యమున చేరెదననినచో, పెండ్లి ఎట్లగునని మొదట అడుగువారము మనమే. ఈ నగరముననే తొలి సిపాయి స్త్రీలు కవాతు చేసిరి. వారి దినచర్యను, అలసటను, జీతమును, ఇంటికి వ్రాయు ఉత్తరమును కథగ వ్రాయు తెలుగు రచయిత్రి మన కుటుంబములనుండియే రావలెనని మా ఆకాంక్ష. అంతవరకు వేషమునకే మన చప్పట్లు, మనిషికి కావు.